తప్పుకు ఒక్కసారే కోత

దుబాయ్‌లో బ్రిటిష్ సిలబస్ స్కూల్లో లెక్కలు చెబుతానంటే మనవాళ్లు ముందు అడిగేది ఫీజెంత అని. తర్వాత ఈతకొలను ఉందా, పిల్లలకు ఆ యాస వస్తుందా అని. గుంటూరులో ఉన్న మా పిన్నిది ఇంకో గొడవ. "నలభై అయిదు డిగ్రీల ఎండలో పిల్లలకు ఆ కోట్లెందుకే?" అంటుంది. కోట్లు ఎండకు కాదు పిన్నీ, ఏసీకి అని చెప్పాను. నమ్మలేదు.

ఆ స్కూల్లో నన్ను కట్టిపడేసిన వస్తువు మాత్రం పిన్నికి చూపించేది కాదు. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ల కోసం రాసిన కాగితాల కట్ట. మార్కింగ్ స్కీమ్ అంటారు. నవల చదివినట్టు చదివే అలవాటైంది నాకు.

కేంబ్రిడ్జి బోర్డు ఏ లెవెల్ లెక్కల మొదటి పేపరు 75 మార్కులకు, వ్యవధి గంటా యాభై నిమిషాలు. పరీక్షలన్నీ అయ్యాక ప్రశ్నపత్రంతో పాటు దాన్ని ఏ లెక్కన దిద్దారో కూడా బయటపెడతారు. అందులో ప్రతి అడుగు పక్కనా ఒక అక్షరం ఉంటుంది. ఎం అంటే పద్ధతికి మార్కు. ఏ అంటే ఆ పద్ధతిలో సరైన జవాబు రాబట్టినందుకు. బి అంటే వీటితో నిమిత్తం లేకుండా విడిగా ఇచ్చేది. పద్ధతి లేకుండా ఏ రాదు గానీ, ఏ పోయినంత మాత్రాన ఎం పోదు. ఇంతవరకూ మనకు కొత్తేం కాదు. స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లొచ్చిన ఏ ఇంటర్ లెక్చరర్‌ని అడిగినా స్టెప్ మార్కుల గురించి గంట చెబుతారు. నన్ను ఆపి మళ్లీ చదివించింది ఎఫ్‌టీ అన్న రెండక్షరాలు. ఫాలో త్రూ అని. సైన్సువాళ్లు ఇదే సంగతిని ఈసీఎఫ్ అంటారు.

ఒక చిన్న లెక్క చెబుతాను. (1, 2), (4, 6) అనే రెండు బిందువుల మధ్య దూరం ఎంత? అది ఎ భాగం. ఆ దూరమే భుజంగా గీసిన చతురస్రం వైశాల్యం ఎంత? అది బి భాగం. పిల్లాడికి సూత్రం తెలుసు. నాలుగులోంచి ఒకటి తీసి మూడు అన్నాడు, బాగుంది. ఆరులోంచి రెండు తీసి అయిదు అన్నాడు, ఏ ధ్యాసలో ఉన్నాడో. తొమ్మిదికి ఇరవై అయిదు కలిపి, 34కి వర్గమూలం అని రాసి, బి భాగంలో వైశాల్యం 34 అని గీత గీశాడు. రావలసింది 25. ఇప్పుడు ఎ భాగంలో జవాబు మార్కు పోయింది. పద్ధతి మార్కు నిలిచింది. బి భాగంలో ఎఫ్‌టీ ఉంటే మార్కు మొత్తం ఇవ్వాలి. లోకంలో ఆ చతురస్రం వైశాల్యం 25 అయితే అవుగాక, ఆ పిల్లాడి లోకంలో అది 34. తన లోకంలో వాడు సరిగ్గానే నడిచాడు. చేసిన తప్పు ఒకటి, కోసిన మార్కు ఒకటి. ఆ తప్పు కింది లైన్ల దాకా వెంటాడి మళ్లీ మళ్లీ కోయడానికి వీల్లేదు.

దుబాయ్ రాకముందు విజయవాడలో ఎంపీసీ పిల్లలకు చెప్పేదాన్ని. ఎంసెట్ మోడల్ పేపర్లు తయారుచేయడంలో నాకు మంచి పేరు. అక్కడ ఇదే లెక్క ఇస్తే నాలుగు ఆప్షన్లలో 25 ఎలాగూ ఉంటుంది. రెండోదిగా 34 తప్పకుండా పెడతాం. ఆరులోంచి రెండు తీస్తే అయిదన్న కంగారు పిల్లాడు ఎక్కడ తేలతాడో ముందే లెక్కకట్టి, అక్కడే ఆ అంకెను కూర్చోబెట్టాలి. తన జవాబు ఆప్షన్లలో కనబడగానే పిల్లాడికి ఎంత ధైర్యం వస్తుందో! గుండ్రంగా, నల్లగా నింపేసి పక్క ప్రశ్నకు పోతాడు. జేఈఈ మెయిన్ అయితే ఆ ధైర్యానికి ఒక మార్కు మైనస్ కూడా. గమ్మత్తేమిటంటే రెండు చోట్లా పేపరు రాసేవాళ్లు చేసే పని ఒక్కటే. పిల్లాడు ఎక్కడ జారతాడో ముందుగా ఊహించడం. ఒకరు అక్కడ చెయ్యి అందించాలని ఊహిస్తారు, ఇంకొకరు అక్కడ గొయ్యి తవ్వాలని. తవ్వడం చేతకానివాళ్ల పనేం కాదు. పిల్లల బుర్ర ఎలా నడుస్తుందో తెలియనివాళ్లు మంచి తప్పు ఆప్షను పెట్టలేరు.

మార్కింగ్ స్కీముల్లో ఇంకా చాలా అక్షరాలున్నాయి. ఐఎస్‌డబ్ల్యూ అని ఒకటుంది. సరైన జవాబు వచ్చేశాక ఉత్సాహం ఆపుకోలేక ఇంకా ఏదో కెలికి పాడుచేసుకున్న పిల్లల కోసం అది. తర్వాతి కెలుకుడు పట్టించుకోవద్దని దాని అర్థం. బీఓడీ ఇంకొకటి. రాసింది ఒకటో ఏడో తేలనప్పుడు అనుమానం పిల్లాడి పక్షానే తీర్చమంటుంది. అన్నిటికంటే నాకిష్టమైనది పాత స్కీముల్లో ఉండే ఎంఆర్. ప్రశ్నలో 8 అని ఉంటే 3 అనుకుని చదివి, ఆ మూడుతో లెక్కంతా పద్ధతిగా చేసినవాడికి ఒక్క మార్కు తగ్గించి మిగతావి ఇచ్చేయమని. ఒక షరతు ఉంది. పొరపాటు చదవడం నిజంగా పొరపాటై ఉండాలి, దానివల్ల లెక్క సులువైపోకూడదు. ఎక్కడో ఇంగ్లండ్‌లో ఇంట్లో కూర్చుని, స్కాన్ చేసిన కాగితాన్ని కంప్యూటర్ తెరమీద చూస్తూ, నంబరు తప్ప పేరు తెలియని ఒక దుబాయ్ పిల్లాడి మనసులో ఉన్నది పొరపాటా, గడుసుదనమా అని ఆలోచించే మనిషిని తలచుకుంటే నాకు ముచ్చటేస్తుంది.

ఇది పెద్ద తరగతుల సంగతి. దీనికి పునాది చిన్నప్పుడే పడుతుంది. ఇక్కడ తరగతుల లెక్కే వేరు. అయిదేళ్లకు ఇయర్ వన్. అంటే ఇయర్ సెవెన్ మన ఆరో తరగతి. ఈ ఒకటి తేడా అర్థంకాక, పిల్లాడు డబుల్ ప్రమోషన్ కొట్టాడని ఊళ్లో స్వీట్లు పంచిన తాతయ్యలున్నారు. ఇయర్ టూ, ఇయర్ త్రీలలో పిల్లలు పెన్సిల్‌తోనే రాయాలి. కలిపిరాత కుదిరాక పెన్ను లైసెన్సు ఇస్తారు. కార్డు మీద పేరు రాసి, టీచరు సంతకం పెట్టి, అందరిముందూ. చాలా క్లాసుల్లో రబ్బరు మాత్రం వాడనివ్వరు. తప్పు రాస్తే దానిమీద ఒక్క అడ్డగీత గీసి పక్కన సరిగ్గా రాయాలి. తర్వాత టీచరు దిద్ది ఇచ్చాక పిల్లలే ఊదారంగు పెన్నో ఆకుపచ్చ పెన్నో తీసుకుని తమ తప్పులు తామే సవరించుకోవాలి. ఎర్ర సిరా పెద్దగా కనబడదు.

మన తల్లులకు ఇది మింగుడుపడదు. "నోటు పుస్తకం చూడండి మేడమ్, ఎన్ని కొట్టివేతలో. మా అమ్మాయికి ఇండియాలో నీట్‌నెస్‌కి ఎప్పుడూ స్టార్ వచ్చేది" అని పేరెంట్స్ మీటింగులో ఒకావిడ నొచ్చుకుంది. ఆమెదీ తప్పు కాదు. పలక మీద దిద్దిన తరం మనది. తడిగుడ్డ పెట్టి తుడిస్తే తప్పు చేసినట్టు సాక్ష్యమే ఉండదు. పలక ఎప్పుడూ మొదటి అక్షరానికి సిద్ధంగా ఉంటుంది, రాసినవాడు నిన్న ఎక్కడ తడబడ్డాడో దానికి గుర్తుండదు. ఆ నోటు పుస్తకానికి మాత్రం అంతా గుర్తే. సెప్టెంబరులో పాప ఏం అనుకుందో, జూన్‌లో ఏమనుకుంటోందో రెండూ అందులో ఉంటాయి.

అయితే ఈ పిల్లలంతా మబ్బుల్లో పెరుగుతున్నారని అనుకోవద్దు. ఇంగ్లండ్‌లో ఇయర్ ఫోర్ పిల్లలకు ఎక్కాల పరీక్ష ఒకటి పెడతారు. పన్నెండో ఎక్కం దాకా 25 ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు ఆరు సెకన్లు. అందులో ఎం లేదు, ఎఫ్‌టీ లేదు. మా స్కూల్లోనూ ఆ తీరుగానే సాధన చేయిస్తారు. ఇరవయ్యో ఎక్కం దాకా గడగడా అప్పజెప్పే తెలుగు నాన్నలు ఆ ఒక్క వారం ఇంట్లో సింహాల్లా తిరుగుతారు. పన్నెండుతో ఆపేస్తారా, ఇదేం చదువు అని.

చరిత్ర పాఠం సంగతి కూడా చెప్పాలి. ఇయర్ టూ పిల్లలు 1666 నాటి లండన్ అగ్నిప్రమాదం చదువుతారు. ఇక్కడి కరామాలో పుట్టి, సెలవులకు తప్ప తాడేపల్లిగూడెం చూడని ఆరేళ్ల పిల్ల అట్టముక్కలతో లండన్ ఇళ్లు కట్టి, పుడ్డింగ్ లేన్ ఎక్కడో చూపిస్తుంది. ఒక రొట్టెల దుకాణంలో పొయ్యి దగ్గర మొదలైన నిప్పుకు పదమూడు వేల పైచిలుకు ఇళ్లు పోయాయి. పొయ్యి ఆర్పేశాననే ఆ రొట్టెలవాడు చెప్పుకున్నాడు. చేయని నేరం ఒప్పుకున్న ఒక ఫ్రెంచివాణ్ణి ఉరితీశారు. ఆ చివరి ముక్క ఆరేళ్ల పిల్లలకు చెప్పరనుకోండి. దుబాయ్‌లో ఉంటూ లండన్ కథ ఎందుకని నాకూ అనిపిస్తుంది. అరబిక్ ఇక్కడ పై తరగతులు వచ్చేదాకా అందరికీ తప్పనిసరి పాఠం, దానివల్ల ఉన్న ఊరు కొంతైనా పుస్తకాల్లోకి వస్తుంది. కృష్ణా, గోదావరి మాత్రం ఇంట్లోవాళ్లు చెప్పుకోవలసిందే.

మళ్లీ పరీక్షల దగ్గరికే వస్తాను. మనకు పరీక్ష అన్నదాన్ని అంటగట్టింది కూడా ఈ దొరలే కదా. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పెట్టారు. పాఠం చెప్పడం దాని పని కాదు, పరీక్ష పెట్టడమే పని. ఆ జల్లెడలోంచి కిందపడినవాళ్లు గుమాస్తాలు, పైన మిగిలినవాళ్లు మెట్రిక్ ఫెయిల్. తెలుగు జిల్లాల కుర్రాళ్లు ఎన్ని దశాబ్దాలు ఆ జల్లెడలో ఊగారో మన పాత కథల్లో కావలసినంత ఉంది. సరిగ్గా మరుసటి ఏడు, 1858లో, కేంబ్రిడ్జిలో స్కూలు పిల్లల పరీక్షల కోసం సిండికేట్ ఏర్పడింది. నేను ఎం మార్కులు వెతుక్కునే పేపర్లు దాని వారసత్వమే. ఏ లెవెల్ 1951లో వచ్చింది, ఐజీసీఎస్ఈ 1988లో. దుబాయ్‌లో తొలి ఇంగ్లిష్ స్కూలు 1963లో మొదలైంది. అప్పటికి ఇక్కడ చమురు దొరకలేదు, యూఏఈ అన్న దేశమూ లేదు. దొరలు తమ పిల్లల కోసం తాము పెట్టుకున్న స్కూలు అది. ఇవాళ దుబాయ్ ప్రైవేటు స్కూళ్లలో ఎక్కువమంది చదివేది బ్రిటిష్ సిలబసే. ఒకే ఏలిక, ఒకే కాలం. ఏలుబడిలో ఉన్నవాళ్లకు జల్లెడ మిగిలింది, ఫీజు కట్టగలిగినవాళ్లకు ఇప్పుడు ఎఫ్‌టీ దొరుకుతోంది.

దొరికిన దయను పిల్లలు ఏం చేసుకుంటారన్నది వేరే కథ. ఇయర్ ట్వెల్వ్‌కి వచ్చేసరికి పదేళ్ల పాత పేపర్లు, వాటి స్కీములు నమిలి మింగేస్తారు. లెక్క అర్థంకాకపోయినా ఒక సూత్రం రాసి, అందులో అంకెలు వేసి వదిలేస్తే ఎం మార్కు రాలుతుందని తెలుసు. "నాకు రాదు మిస్, కానీ రెండు మార్కులొస్తాయి" అన్నాడొకడు నిజాయితీగా. (ఇక్కడ టీచరమ్మలందరం మిస్సులమే, మెడలో పుస్తెలున్నా, మనవలున్నా.) మనవాళ్లు గైడ్లు బట్టీపట్టినట్టే వీళ్లు దయను బట్టీపడతారు. ఇంకో రకం వాళ్లూ ఉంటారు. ఐఐటీ ఫౌండేషన్ చదివి హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాడొకడు, జవాబు ముందే అచ్చువేసి "ఇది వస్తుందని చూపించు" అనే ప్రశ్న చూసి, "ఆన్సర్ వాళ్లే ఇచ్చేశారు కదా మిస్, ఇంకేం చెయ్యాలి?" అన్నాడు. వాడి తెలివికి లోటు లేదు. తలలోనే మూడు మెట్లు ఎక్కేసి పైన నిలబడి ఉంటాడు. ఆ మెట్లు కాగితం మీద కట్టమనడమే వాడికి అవమానంగా తోచింది. వాళ్ల నాన్నగారి దిగులు వేరు. ఇంజినీరింగ్‌కి ఇండియా వెళ్తే ఏ లెవెల్ సర్టిఫికెట్‌కు ఢిల్లీలోని ఏఐయూ నుంచి సమానత పత్రం తెచ్చుకోవచ్చు. మరి జేఈఈలో ఈ మెట్లకు ఎవరు మార్కులేస్తారు? సాయంత్రాలు ఆన్‌లైన్ కోచింగ్ పెట్టించారు. ఉదయం మెట్లు కట్టడం, సాయంత్రం మెట్లు దూకడం. పాపం, పిల్లాడు రెండూ చేస్తున్నాడు.

ఈ దయ ఎంత పలచనిదో 2020లో చూశాం. కోవిడ్‌తో పరీక్షలు రద్దయ్యాయి. దిద్దడానికి పేపరే లేదు కాబట్టి గ్రేడ్లు కంప్యూటర్ సూత్రంతో సర్దారు. ఆ సూత్రం పిల్లలతో పాటు, ఆ స్కూలు గత ఏళ్లలో ఎలాంటి ఫలితాలు తెచ్చుకుందో కూడా చూసింది. ఇంగ్లండ్‌లో ఏ లెవెల్ ఫలితాలొచ్చినరోజు టీచర్లు అంచనా వేసిన గ్రేడ్లలో 40 శాతం దాకా కిందికి దిగిపోయాయి. పెద్ద క్లాసులున్న మామూలు బళ్లకు దెబ్బ ఎక్కువ తగిలింది. అయిదుగురికి మించని చిన్న క్లాసులకు టీచరు మాటే చెల్లింది, అలాంటి క్లాసులు ఖరీదైన స్కూళ్లలోనే ఎక్కువ. సొంత తప్పుకు ఒక్కసారే కోత పెట్టే వ్యవస్థ, తమకంటే ముందు చదివినవాళ్ల తప్పులన్నీ మోసుకొచ్చి ఈ పిల్లల నెత్తిన పెట్టింది. పిల్లలు రోడ్డెక్కారు. నాలుగు రోజులకే, ఆగస్టు 17న, సర్కారు సూత్రాన్ని చుట్టచుట్టి టీచర్ల గ్రేడ్లే ఖాయం చేసింది. కేంబ్రిడ్జి ఇంటర్నేషనల్ కూడా వెనక్కి తగ్గింది.

శుక్రవారాలు నాకు బస్ డ్యూటీ ఉంటుంది. 2022 నుంచి ఇక్కడ వారాంతం శని, ఆదివారాలకు మారింది, శుక్రవారం మధ్యాహ్నం లోపే బడి అయిపోతుంది. పిల్లలు ఎక్కేదాకా బస్సు పక్కన నిలబడాలి. ఒక బస్సు నడిపే అన్నది జగిత్యాల దగ్గర పల్లె. ఏజెంటు ఆఫీసు పని అన్నాడని నమ్మి లక్షన్నర కట్టి వచ్చాడట. రెండు రూపాయల మిత్తికి తెచ్చిన డబ్బు. దిగాక తెలిసింది ఆఫీసు లేదని. ఎడారిలో పైపులు మోసి, లైసెన్సు తెచ్చుకుని, ఈ బస్సెక్కేసరికి ఏళ్లు గడిచాయి. ఇక్కడికి కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు 4000 దిర్హమ్‌ల జీతం కావాలి, లేదా 3000తో పాటు కంపెనీ ఇల్లు కావాలి. ఆయన రోజూ ఎక్కించుకు తిరిగే పిల్లల్లో పై తరగతులవాళ్లకు ఏడాది ఫీజు, ఏడాది పొడుగునా వచ్చే ఆ జీతం మొత్తాన్ని దాటిపోతుంది. దుబాయ్‌లో లక్ష దిర్హమ్‌లు దాటే స్కూళ్లు కూడా ఉన్నాయి.

"మా పిలగాడు కరీంనగర్ల ఎంపీసీ సదువుతుండు మేడం" అన్నాడొకనాడు ఫోను తెరిచి. "ఆదివారం పరీక్షల లెక్కలు సగం తప్పువోయినయట. గీ కాయిదం జర సూడుండ్రి." అది రఫ్ వర్క్ కాగితం ఫొటో. నింపిన ఓఎంఆర్ కాలేజీవాళ్లు తీసుకున్నారు, ఇది వాడి దగ్గరే ఉండిపోయింది. పెద్ద చెయ్యి, వంకరటింకర, ఒక మూల కాయితం చిరిగింది. ఇంటికెళ్లి తీరిగ్గా చూశాను. ఒక లెక్కలో గుర్తు మార్చడం మరిచాడు, అక్కడినుంచి చివరిదాకా ఒక్క పొల్లు తప్పు లేదు. ఇంకోదాంట్లో ఆరేడుల నలభై మూడు. అలవాటుకొద్దీ పక్కన ఎం, ఏ, ఎఫ్‌టీ వేసుకుంటూ పోయి, కూడి, ఫొటో తీసి పంపాను.

మర్నాడే ఫోనొచ్చింది. "సున్నా అచ్చిన లెక్కకు మూడు మార్కులు ఎట్లేసిండ్రు మేడం?"

చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించాడు. "అయితే గీ మూడు కాలేజోళ్లకు చెప్తే కలుపుతరా?"

"కలపరన్నా."

"ఊకె అడిగిన. పిలగానికైతే పంపిస్త, సంబురపడ్తడు."

ఆ తర్వాత ప్రతి ఆదివారం రఫ్ కాగితం రావడం మొదలైంది. క్రమంగా దాని రూపు మారింది. లైను కింద లైను, సమానం గుర్తులన్నీ ఒకే వరసలో, తప్పుమీద ఒక్క అడ్డగీత. చూడ్డానికి ముచ్చటగా ఉంది. చిక్కేమిటంటే ఎంసెట్‌లో, అదే ఇప్పటి ఎప్‌సెట్‌లో, 180 నిమిషాల్లో 160 బిట్లు. లెక్కలే 80. ఇంత అందంగా రాసుకుంటూ కూర్చుంటే పేపరు సగంలో గంట కొడతారు. పిల్లాడి ర్యాంకు క్యాంపస్‌లో ఓ నలభై మెట్లు దిగిందని, వీడికి స్పీడు తగ్గిందని లెక్చరరు తండ్రికి ఫోను చేసి చెప్పాడు. ఆ ఫోను సంగతి నాకు చెప్పేటప్పుడు అన్న మొహంలో కోపం లేదు, మొహమాటం ఉంది.

"ఆప్షన్లు సూసి తప్పుయి తీసేసుడు ఏందో ఉంటదట గద మేడం. అది మీకు అస్తదా?"

నాకు రాకపోవడమేమిటి. శనివారాలు పొద్దున్న ఏడింటికి, దుబాయ్ టైము, ఆ కుర్రాడికి వీడియో కాల్‌లో చెబుతున్నాను. మొన్న 34 లాంటి ఆప్షను ఒకటి చూపించి, ఇది ఎందుకు పెట్టారో చెప్పరా అన్నాను. రెండు నిమిషాలు చూసి, పేపరు రాసినవాడు తన గురించి ఏమనుకున్నాడో కనిపెట్టేశాడు. "నేను మైనస్ మర్సిపోత అని తెల్సు మేడం ఆయనకు" అని నవ్వాడు. ఈ వారం తనే నాలుగు బిట్లు తయారుచేసి పంపాడు, తప్పు ఆప్షన్లతో సహా. రెండు బాగున్నాయి.